క్రేన్ బాబాయ్ ఎంచిన మీటలు

మల్కాపురంలో మా చర్చి పాటలు కంప్యూటర్లో రికార్డు చేసేది నేనే. గుంపులో మా అమ్మ గొంతు మునిగిపోయేది. మౌస్‌తో ఒక గొంతు సరిచేసేలోగా ఇంకోటి పెరిగిపోయేది. అందుకే గొంతుకో మీట ఉండే పెట్టె కొందామని వన్ టౌన్ వెళ్ళాను. పోర్టులో క్రేన్ నడిపే బాబాయ్ తోడొచ్చాడు. ఆయనా మా గుంపులో పాడేవాడే.

ఏ మీట కనబడినా కళ్ళు మూసుకుని తడమడం ఆయన అలవాటు.

షాపులో రంగు దీపాల పెట్టె చూసి మురిసిపోయాను. షాపతను దాని మీద పాట పెట్టాడు.

"మూడోది మీ యమ్మ మీటనుకో. కళ్ళు మూసుకొని అట్టుకోరా," అన్నాడు బాబాయ్.

నా వేలు పక్క బొత్తాం మీద పడింది. పాట ఆగిపోయింది.

"సూసినావా? క్రేన్లో నా కళ్ళు కింద లోడు మీదుంటాయి. మీటని సెయ్యే ఎతుక్కోవాల."

ఎనిమిది పొడుగు మీటలున్న సాదా పెట్టె ముందుకు జరిపాడు. ఈసారి కళ్ళు మూసుకున్నా దొరికింది. అదే కొన్నాం.

ఆదివారం ఆరాధన అయ్యాక మా పాట పెట్టాం. అమ్మ మీట చివరిదాకా తోసినా ఒక మగ గొంతు కప్పేస్తోంది.

"ఎవడ్రా ఆ అరిసీవోడు?" అన్నాడు బాబాయ్.

"నువ్వే బాబాయ్."

ఆయన కళ్ళు మూసుకుని, ఓడలోకి లోడు దింపినంత మెల్లగా తన మీట కిందికి లాగాడు. అమ్మ గొంతు తేటగా వినబడింది.