యేసుబాబు కట్టేసిన నీళ్లు

మా బావ యేసుబాబు, నీళ్లు ఊరికే పోతుంటే చూస్తూ కూర్చోలేడు. మాట వరసకు అంటున్నది కాదు. ఒకసారి చర్చిలో పాస్టరు ప్రార్థన చేస్తున్నాడు, అందరం కళ్లు మూసుకుని ఉన్నాం. బయట నల్లా కారుతున్న చప్పుడు వినబడింది. మా బావ లేచి పోయాడు. కట్టేసి తిరిగొచ్చేసరికి ఆమెన్ కూడా అయిపోయింది. మా అక్క సంతోషమ్మ తల కొట్టుకుంది.

"దేవుని కాడ గూడ నల్లా మర్వవా నువ్వు?"

"దేవుడు యాడికి పోతడు? నీళ్లయితే పోతయి" అన్నాడు.

ఆయన పనే అది. కంగ్టి రోడ్డు మీద మా ఊరు. పెళ్లికి ముందు నుంచీ పంచాయతీలో నీళ్లు వదిలే పని చేశాడు. పొద్దున్నే బోరు మోటారు వేసి ట్యాంకీ నింపడం, గల్లీ గల్లీకీ గుంతలో ఉన్న వాల్వు పానాతో తిప్పడం, కాసేపయ్యాక కట్టేసి పక్క గల్లీకి పోవడం. వినడానికి సులువైన పనే. ఎండాకాలంలో ఆ పని చేసి చూడమనండి ఎవరినైనా. ఈ గల్లీ వాళ్లకు ఎక్కువ వదిలావని ఆ గల్లీ వాళ్లు, మా బిందె నిండకముందే కట్టేశావని ఈ గల్లీ వాళ్లు, ఇద్దరూ కలిసి మా బావ ఏడు తరాలనూ దులిపేవారు. శంకరప్ప పటేల్ భార్య సంగమ్మ అయితే ఒకరోజు ఖాళీ బిందె తెచ్చి ఆయన ముందు బోర్లించి, "గిండ్లకెళ్లి నువ్వే తాగు" అని పోయింది. మా బావ పానా భుజాన వేసుకుని పక్క గల్లీకి పోయేవాడు. ఇంటికొచ్చి మాత్రం నాతో అనేవాడు.

"ఎవ్వలు కొట్లాడనన్ని నీళ్లు యాడన్న ఉంటయా సుధాకర్? ఉంటే ఆడ పోయి బతకాలె."

అడిగినవాడికి దొరికిందనే అనుకున్నాం. పంచాయతీ వాళ్లు కొత్త మనిషిని పెట్టుకుని మా బావను ఇంట్లో కూర్చోబెట్టాక, ఆయన రోజూ బస్సెక్కి నారాయణఖేడ్‌లో నా దుకాణానికి వచ్చేవాడు. నాది మోటార్ వైండింగ్ దుకాణం. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి కొత్త రాగి తీగ చుట్టడం పని. మా బావ స్టూలు మీద కూర్చుని తీగ అందించేవాడు. అడగకముందే అందించేవాడు, అది నాకు చిరాకు. అప్పుడే మా పక్క ఊరు సిర్గాపూర్‌కు ప్రతాప్ సెలవు మీద వచ్చాడు. హైదరాబాద్ హోటళ్లలో వంట చేసి చేసి, ఎవరో చెబితే కలకత్తా పోయి గంగ మీద తిరిగే చిన్న ఓడలో వంటవాడయ్యాడు. ఇంజిన్ గదిలో తుడవడానికీ నూనె పోయడానికీ ఒక మనిషి కావాలని చెప్పాడు.

"నీళ్ల మీదనా?" అని అడిగాడు మా బావ.

"చుట్టూ నీళ్లే అన్న. ఇంగ యేరేదేం లేదు."

మా అక్క ఏడ్చింది. ఈత రాని మనిషిని ఓడ ఎక్కిస్తారా అని నన్నే తిట్టింది. నేనెక్కించానా?

అది పెద్ద ఓడేమీ కాదు. కింద గదులు, పైన కుర్చీలు వేసిన డాబా, తెల్లరంగు. కలకత్తాలో బయల్దేరి గంగకు ఎదురుగా పైకి పోతుంది. ఒకప్పుడు తెల్లవాళ్ల వ్యాపారమంతా ఆ దారినే నడిచిందట. అందుకని ఒక ఊళ్లో ఫ్రెంచివాళ్ల బంగళాలు, ఇంకో ఊళ్లో డేన్మార్కువాళ్ల చర్చి, కాల్నాలో మట్టి ఇటుకల మీద బొమ్మలు చెక్కిన గుళ్లు, ముర్షిదాబాద్‌లో నవాబుల కోట. ఓడ ఆగిన చోటల్లా టూరిస్టులు చిన్న పడవలో ఒడ్డుకు పోయి, చూసి, ఎండకు ఎర్రబడి తిరిగొస్తారు. మా బావ ఒక్కసారీ దిగలేదు. ఇంజిన్ గదిలోంచి పైకొచ్చి, రెయిలింగ్ పట్టుకుని నాకు వీడియో కాల్ చేసేవాడు. కోటలు చూపిస్తాడేమో అనుకుని చూస్తే ఫోను నీళ్ల వైపే తిప్పేవాడు.

"సూడు బామ్మర్ది, ఎన్ని నీళ్లో! ఒక్కలన్న కొట్లాడుతుండ్రా?"

ఆయన వెనక ఎప్పుడూ ఒక ముసలాయన అరుస్తూ ఉండేవాడు. ఇంజిన్ మిస్త్రీ. మా బావ చాచా అని పిలిచేవాడు. బతుకంతా ఇంజిన్ పక్కనే గడిపి ఆయన చెవులు మందగించాయి. తనకు వినబడదు కాబట్టి లోకానికీ వినబడదనుకుంటాడు. ఆయన హిందీలో సగం బెంగాలీ, మా బావ హిందీలో సగం మా ఊరి ఉర్దూ. అయినా ఇద్దరికీ బాగా కుదిరింది. ఒక కంచంలో తినేవారు. చేప ముల్లు తీసుకోవడం రాదని చాచాయే తీసి పెట్టేవాడట. నలభై దాటిన మనిషికి! మా అక్క ఇది విని నవ్వలేదు. "ఎవ్వలో ఒక్కలు సూసుకుంటుండ్రు" అని కళ్లు తుడుచుకుంది.

ఇక జరిగింది చెబుతాను. నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది, ఎవరి మీద మండాలో మాత్రం తెలియదు.

ఓడ ఇంజిన్ చల్లగా ఉండాలంటే నదిలోంచి నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. ఆ నీళ్లు ఇంజిన్ చుట్టూ తిరిగి, వేడిని మోసుకుని, పక్కన ఒక గొట్టంలోంచి మళ్లీ నదిలో పడతాయి. ఇంజిన్ నడిచినంతసేపూ పడుతూనే ఉంటాయి. మా బావ ఎక్కిన మొదటి రోజు నుంచీ దాన్ని చూస్తున్నాడు. పొద్దంతా పోతున్న నీళ్లు, ఎవరూ కింద బిందె పెట్టని నీళ్లు. నదిలో నీళ్లే నదిలో పడుతున్నాయని తెలుసు. తెలిసినా ఆ చప్పుడు ఆయన్ని తినేసేది. చాచాను అడుగుదామనుకున్నాడు కానీ, నవ్వుతాడని ఊరుకున్నాడు. చాచాకేమో అది చెప్పాల్సిన సంగతే అనిపించలేదు. ఊపిరి తీసుకోవాలని ఎవరైనా ఎవరికైనా చెబుతారా?

ఆ రోజు కాల్నా దాటాక చాచా అన్నానికి పైకి పోయాడు. మా బావ ఒక్కడే కింద ఉన్నాడు. గొట్టం పక్కన వాల్వు కనిపించింది, మన ఊరి గేట్ వాల్వు లాంటిదే. చెయ్యి దానంతటదే పోయిందంటాడు. పానా కూడా అక్కర్లేదు, చేత్తోనే తిరిగింది. నీళ్ల చప్పుడు ఆగింది. ఆగగానే ఆయనకు ఎంత హాయిగా అనిపించిందంటే, గుడ్డ తీసుకుని పాట పాడుకుంటూ ఇంజిన్ తుడిచాడట.

వేడెక్కితే మోగాల్సిన గంట ఒకటి ఉంది. అది చెడిపోయి చాలా రోజులైంది. బాగు చేయించమని చాచా చెబుతూనే ఉన్నాడు, కంపెనీ వింటూనే ఉంది. కాలిన వాసన వచ్చి చాచా ఎంగిలి చేత్తో మెట్లు దిగేలోపు ఇంజిన్ బిగుసుకుపోయింది. సరిగ్గా అక్కడే నది మలుపు. ఇంజిన్ లేని ఓడను ప్రవాహం పక్కకు నెట్టి ఇసుక మేట మీద కూర్చోబెట్టింది. పైన టూరిస్టులు ఫొటోలు తీసుకున్నారు.

"ఎవరు కట్టేశారు?" అని ఓడ నడిపే సారంగు కేకలేస్తూ వచ్చాడు.

"నేనే బంద్ జేసిన" అన్నాడు మా బావ. దాచలేదు. పైగా, "నీళ్లు ఊకె పోతున్నయి గదా" అని కూడా అన్నాడు. అప్పటికి ఆయనకింకా అర్థం కాలేదు.

ఇదంతా ఆ సాయంత్రం ఫోన్లో విని నేను నోటికొచ్చినట్టు తిట్టాను. "నీళ్లు లేకుండ నడిస్తే మోటారు కాలుతదని నా దుకాన్ల రోజూ సూస్తివి గదా!" అన్నాను. "గవి లోపటికొచ్చే నీళ్లు సుధాకర్. ఇవి బయటికి పోయేటియి" అన్నాడు. బతుకంతా బయటికి పోయే నీళ్లు కట్టేసినందుకే ఆయనకు పంచాయతీ జీతమిచ్చింది.

టూరిస్టులను నాటుపడవల్లో ఒడ్డుకు చేర్చి బస్సెక్కించారు. తర్వాత కంపెనీ మనిషి వచ్చాడు. మా బావ ఎదురుపోయి, చేసింది నేను, తీసేస్తే నన్ను తీసేయండి అని చెప్పాడు. ఆ మనిషి ఆయన వైపు చూడనైనా చూడలేదు.

"ఇంజిన్ ఎవరిది?" అన్నాడు.

"నాది" అన్నాడు చాచా. "వీడికి నేను చెప్పలేదు. తప్పు నాది."

అంతే, అయిపోయింది. బతుకంతా చేసిన కొలువు ఆ రెండు మాటలతో పోయింది. మా బావ ఆ మనిషి కాళ్ల మీద పడ్డాడు. కంపెనీ మనిషి విసుగ్గా, తుడిచేవాణ్ని తీసేస్తే ఇంజిన్ మళ్లీ వస్తుందా అన్నాడు. నేను కూడా ఆఫీసుకు ఫోన్ చేశాను. మర్యాదగా చెప్పాను, తర్వాత మర్యాద లేకుండా చెప్పాను. ఎవరు కట్టేసినా మిస్త్రీయే జవాబు చెప్పాలి, మా పద్ధతి అంతే అన్నారు. తప్పు దాచినవాణ్ని లోకం శిక్షిస్తుందని విన్నాను గానీ, ఒప్పుకున్నవాడి మాట చెవిన పెట్టదని అప్పుడే చూశాను.

చాచాను తీసుకుపోవడానికి చిన్న పడవ వచ్చింది. ఆయన తన రేకు పెట్టె పట్టుకుని ఎక్కాడు. బరువుకు పడవ ఇసుకలో ఆనింది. పడవవాడు ఎంత తోసినా కదల్లేదు. "నువ్వు దిగి నెట్టు" అని సారంగు మా బావకు చెప్పాడు.

మోకాళ్ల లోతు నీళ్లలో దిగి, చాచా ఎక్కిన పడవను మా బావే భుజం పెట్టి నెట్టాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయన భుజం తడుముకుంటాడు.

ఆ తర్వాత నది ఇంకా తగ్గింది. ఓడకు కాపలాగా మా బావనూ ఇంకొకరినీ ఉంచారు. వానలు పడి నీళ్లు పెరిగితే తప్ప అది కదలదు. ఎండాకాలమంతా ఆయన ఆ మేట మీద కూర్చుని నీళ్లు దూరం జరగడం చూశాడు. గంగ ఒక పక్కకు పోయింది, మధ్యలో తెల్ల ఓడ, దాని చుట్టూ పక్క ఊరివాళ్లు దోస పాదులు పెట్టుకున్నారు. ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడేవాడు. కెమెరా నీళ్ల వైపు తిప్పడం మానేశాడు. వానలొచ్చాయి. ఓడ లేచింది. కొత్త ఇంజిన్ వచ్చింది, దానితో కొత్త మిస్త్రీ వచ్చాడు. మా బావ ఆ రోజే సంచీ సర్దుకున్నాడు.

ఇంటికొచ్చిన మనిషి మా బావ కాదు. తింటాడు, పడుకుంటాడు, నా దుకాణానికొచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. తీగ అడిగితే గానీ అందించడు. చాచా అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. నది రేవు దగ్గర చేపల పడవలవాళ్లెవరైనా పిలిస్తే పోయి చిన్న ఇంజిన్లు చూస్తున్నాడట, లేకపోతే ఇంట్లోనే ఉంటున్నాడట. ఆయనకు కోపం లేదు. అదే మా బావకు తట్టుకోవడం కష్టంగా ఉంది. ఫోన్ మోగితే దాన్ని చూస్తూ కూర్చుంటాడు, ఎత్తడు. తిడితే ఎత్తేవాడేమో.

మొన్న కోత పండుగకు ముందు చర్చి ఆవరణ కడుగుతున్నాం. ఆడవాళ్లు బిందెలు నింపుకుని నల్లా అలాగే వదిలేసి లోపలికి పోయారు. నీళ్లు పొంగి పొర్లి గేటు దాకా పారుతున్నాయి. మా బావ దాని పక్కనే అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. మా అక్క చీపురు పట్టుకుని బయటికొచ్చింది.

"నీళ్లు గట్ల బోతుంటే సూస్తున్నవేంది?"

"ఎవలు ఇడిశిండ్రో అడుగు. ఎందుకు ఇడిశిండ్రో ఏమో. నాకేమెరుక?"

మా అక్క చీపురు అక్కడే పడేసింది. నేనే పోయి కట్టేద్దామని లేచాను. అప్పుడే ఆయన జేబులో ఫోన్ మోగింది. ఎప్పట్లాగే చూస్తూ కూర్చున్నాడు. నాకు మండిపోయి, లాక్కుని స్పీకరు పెట్టి ఆయన చేతిలో పెట్టాను.

చాచా ఇంకా ఇంజిన్ పక్కన ఉన్నట్టే అరుస్తాడు. ఇప్పుడాయన ఇంట్లో ఏ ఇంజినూ లేదు. ఎలా ఉన్నావు, ఇంట్లో ఎలా ఉన్నారు అని తన హిందీలో అడిగాడు.

"ఏంటా చప్పుడు? నీళ్లా?" అన్నాడు చాచా. మనుషుల మాటలు సరిగ్గా వినబడని ఆ చెవులకు నీళ్ల చప్పుడు ఎలా తెలిసిందో!

"నీళ్లే" అన్నాడు మా బావ.

"ఎవరూ కట్టేయరా?"

మా బావ నల్లా వైపు చూశాడు. అవతల ముసలాయన ఆవరణంతా వినబడేలా అరిచాడు.

"బంద్ కర్ దే బేటా! అక్కడ నా ఇంజిన్ లేదు కదా!"

మా బావ లేచాడు. పోయి నల్లా తిప్పాడు. తిప్పి, చెయ్యి దాని మీదే ఉంచి, ఆ తడి నేల మీదే కూర్చుని ఏడ్చాడు. మా అక్క ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

"అయిందా? కట్టేశావా?" అని ఫోన్లో చాచా అడుగుతున్నాడు.

"అయింది చాచా" అన్నాడు మా బావ. పక్కనున్న నాకే సరిగ్గా వినబడలేదు. ఆ ముసలాయనకు ఎలా వినబడుతుంది? కట్టేశావా, కట్టేశావా అని అడుగుతూనే ఉన్నాడు.