మామ బిగించిన క్లచ్చి

మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకు, తొండూరు పక్క మా ఊరి బీడు భూమిలో జరిగిందిది. పార్టీ మీటింగు కోసం మామ కంపచెట్లు కొట్టిస్తాండాడు. ఆయన ఊరంతటికీ మామే, మా వర్గానికి పెద్ద. మంచం నులక కానీ మనిషి కానీ, వదులుగా కనపడితే బిగించకుండా ఉండలేడు. ఆయన్ను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తాది, భయమూ వేస్తాది.

ట్రాక్టరు వెనక కంప కొట్టే మిషనుకు ఒక క్లచ్చి ఉంటాది. రాయి తగిలితే అది జారి గేరుబాక్సును కాపాడుతాది. ప్రొద్దుటూరు ఫిట్టరు నట్లు వదిలి, తుప్పు రాలేదాకా దాన్ని జారనిచ్చి, మళ్లా జారేందుకు స్ప్రింగుల్లో సందు ఉంచి బిగించినాడు.

"జారేదేందిరా? ఆపక్క వర్గమోళ్ల మిషను జారనీ, మనది జారకూడదు," అని మామ పానా గుంజుకొని స్ప్రింగుల చుట్లు ఒకదానికొకటి అతుక్కునేదాకా నట్లు తిప్పినాడు.

"రాయి తగిలితే ఎట్ల మామా?" అన్నాడు డ్రైవరు.

"మన బీట్లో రాయి మన మాట వినదా?"

రాయి వినలేదు. గేరుబాక్సు రెండు చెక్కలైంది. బందోబస్తు చూసేదానికి వచ్చిన ఎస్సైకి ఫిట్టరు ఆ స్ప్రింగులు చూపించినాడు.

"ఇంత బిగించిందెవరు?" అన్నాడు ఎస్సై.

"ఓబులేసు సార్! ఆపక్కోడు. మీటింగు చెడగొట్టల్లని," అన్నాడు మామ, రెప్ప వాల్చకుండా. "మావోడే సాక్షి," అని నా భుజం పట్టుకొని బిగించినాడు.

ఆ కాలంలో అట్లాంటి మాట చాలు, ఓబులేసు ఇంటికి తిరిగి రాడు. నేను చెప్పింది ఇంతే: "సార్, క్లచ్చి బిగించేటప్పుడు ఆడ ఉన్నోళ్లం ఫిట్టరు ఏసురత్నం, డ్రైవరు మస్తాను, నేను, మా మామ. ఇంకెవరూ లేరు."