స్పెక్ట్రోగ్రాఫ్‌కు హారతి

నా కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు అది మా అమ్మ మీద పడింది.

విజయనగరంలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో, విద్యార్థులతో కలిసి మూడేళ్లు తిప్పలు పడి ఒక చిన్న స్పెక్ట్రోగ్రాఫ్ తయారు చేశాం. నక్షత్రాల అతినీలలోహిత కాంతిని విడదీసి చూపించే పెట్టె అది. ఆ కాంతిలో చాలాభాగాన్ని గాలి కిందికి రానివ్వదు కాబట్టి, అంతరిక్షంలోకి పంపితేనే అసలు పరీక్ష. ఒక రాకెట్‌లో చోటు దొరికింది. మళ్లీ దొరకదని ముందే చెప్పేశారు. లోపలి అద్దం మీద కంటికి కనపడనంత జిడ్డు చేరినా చాలు, పెట్టె గుడ్డిదైపోతుంది. తలకు నూనె రాసుకున్నవాళ్లను నేను గదిలోకే రానిచ్చేదాన్ని కాదు.

పెట్టెను వ్యాన్‌లో రాకెట్ కేంద్రానికి పంపే రోజు శ్రీకూర్మం దగ్గరి మా ఊరి నుంచి అమ్మ వచ్చింది. చేపలమ్మి నన్ను చదివించిన మనిషి. గుమ్మంలోంచి చూసి పోతానంది. లోపలి తేమ పోయేలా వాయువు పట్టిద్దామని పెట్టె మూత తీశాను. అంతలో సంతకం కావాలని కింద నుంచి వ్యాన్ డ్రైవరు కేకేస్తే పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి పెట్టె ముందు పళ్లెంలో కర్పూరం వెలుగుతోంది.

"కొత్త తెప్పకి హారతియ్యకుండా నీటిలోకి దింపుతారేటే?" అంది అమ్మ.

నా ఒళ్లు మండిపోయింది. "నా మూడేళ్ల కష్టానికి పొగెట్టీసినావు గదమ్మా! నిన్నెవులు లోనికి రమ్మన్నారు?" అని, నా వెనకే మెట్లెక్కి వచ్చిన పిల్లలందరి ముందూ అరిచాను. అమ్మ కర్పూరం ఆర్పి, వెళ్లి బస్సెక్కేసింది.

అప్పుడు చూశాను, పెట్టెకు మూత వేసి ఉంది. పొగకు ముందు పడిందా, తర్వాతా? నేనే వేసి పరుగెత్తానా? ఎంత తల బాదుకున్నా గుర్తు రాలేదు. విప్పి చూసే వ్యవధి లేదు. భయపడుతూనే పంపేశాం.

రాకెట్ ఎగిరేదాకా నాకు తిండి సహించలేదు. అమ్మ ఫోనెత్తలేదు. ఎగిరిన మూడో రోజు మొదటి కొలతలు వచ్చాయి. మేం ఎంచుకున్న నక్షత్రం కాంతి తెర మీద గీతగా సాగుతోంది. అతినీలలోహితం మొదలయ్యే చోట కుప్పకూలుతుందేమోనని బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. కూలలేదు. చివరిదాకా నిలబడింది. పిల్లలు గంతులేశారు.

మర్నాడే ఊరెళ్లాను. అమ్మ ఎండలో చేపలు తిరగేస్తోంది.

"అమ్మా, ఆ మూత..."

"నానే ఎట్టీసినాను. నువ్వు తెరిసొదిలీసి ఎలిపోనావు. మూసినాకే ఎలిగించినాను."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. "మరి అప్పుడే చెప్పొచ్చు కదే? అన్ని మాటలన్నాను."

అమ్మ చెయ్యి ఆపలేదు.

"అంతమంది పిల్లల ముందు ఎలా సెప్తానే? మేడమ్మే మూత మర్సిపోనాదని నవ్వరేటి?"