గన్నేరు పురుగుకు పెట్టిన పరీక్ష

మా ఊళ్లో పురుగు అంటే ఒకటే అర్థం: వేరుశెనగ చేను నాకేసేది. ఎర్ర గొంగళి పురుగు లేచిన ఏడాది గుమ్మఘట్ట చుట్టుపక్కల అందరూ చేల చుట్టూ కాలువలు తీసి, అందులో పడ్డవాటిని మట్టితో పూడ్చేవాళ్లు. నేనూ పార పట్టి పూడ్చినవాణ్ణే. కానీ ఇంటికొచ్చి గన్నేరు చెట్టు మీది పురుగుల్ని కుండలో పెట్టి మేపేవాణ్ణి. ఇరవై దాటిన మగవాడికి ఇదేం పిచ్చి అని ఊరంతా అడిగేది. అదే పేకాడితే ఎవడూ అడగడు! నాకు ఒళ్లు మండేది.

గన్నేరు పురుగు అందం చూసినవాళ్లకే తెలుసు. మేకలు కూడా మూతి పెట్టని ఆకు తిని వేలంత లావెక్కుతుంది. ఒళ్లంతా పచ్చన, పక్కల తెల్లటి చుక్కలు. కదిలిస్తే తల ముడుచుకుని, మెడ ఉబ్బించి, రెండు నీలి మచ్చలు చూపిస్తుంది. అవి కళ్లు కావు గానీ మనల్నే చూస్తున్నట్టుంటాయి. పెరగడం పూర్తయ్యాక మట్టిలో దూరి గుల్లగా మారి, కొన్నాళ్లకు పచ్చా గులాబీ కలిసిన రెక్కలతో బయటికొస్తుంది. ఆ రెక్కలు విచ్చుకోవడం చూడడానికి నేను అన్నం కూడా మానుకునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో నల్లమాడ దిక్కు నుంచి సంబంధం వచ్చింది. పిల్లను నేను ముందే చూసొచ్చాను. నచ్చింది అంటే తక్కువ చెప్పినట్టు. ఇంటికొచ్చాక ఏ పనీ చేతికి అంటలేదు. ఇక పిల్ల తండ్రి వచ్చి మా ఇల్లు చూడడమే మిగిలింది.

ఆయన ఇద్దరు పెద్దమనుషులతో వచ్చాడు. ఎద్దుల పళ్లు చూశాడు, బావిలోకి తొంగి చూశాడు, గాదె తట్టి చూశాడు. అన్నిటికీ తల ఊపాడు. అప్పుడు పడసాల మూలన గుడ్డ కట్టిన కుండ ఆయన కంటబడింది.

"ఇందులో ఏముండాది? నెయ్యా?" అంటూ గుడ్డ విప్పాడు. లోపలినుంచి రెండు నీలి కళ్లు ఆయన్ని చూశాయి.

"ఏమప్పా ఇది, పురుగు!" అని వెనక్కి గెంతాడు. "పోయినేడు మా శెనక్కాయ చేనంతా పురుగే నాకేసింది. పురుగును సాకే ఇంటికి నా బిడ్డనిచ్చేదా?"

"ఇది గన్నేరాకు తప్ప ముట్టదండీ. శెనక్కాయ ఆకు పెట్టినా తినదు" అన్నాను.

"తింటే?"

"తింటే మీ బిడ్డను ఇయ్యద్దండి!"

కోపంలో నోరు జారింది. మా నాయన తల పట్టుకున్నాడు.

చేలోంచి పచ్చి వేరుశెనగ మొక్క పీక్కొచ్చారు. కుండలోని గన్నేరాకు తీసేసి దాన్ని వేశారు. పెద్దమనుషులంతా కుండ చుట్టూ కూర్చున్నారు. మజ్జిగ వస్తే అక్కడే తాగారు. భోజనాలకు లేవమంటే విస్తళ్లు అక్కడికే తెప్పించుకున్నారు. ఒక పెళ్లికొడుకు గుణగణాల మీద ఇంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు.

పురుగు మొక్క ఎక్కింది. ఆకు అంచుకు మూతి ఆనించింది. నాకు పై ప్రాణం పైనే పోయింది.

"తినింది, తినింది!" అన్నాడో పెద్దమనిషి.

"ఉండన్నా, వాసన చూస్తాండాది" అన్నాడు పిల్ల తండ్రి.

తల అటూ ఇటూ ఆడించి దిగిపోయింది. పొద్దు వాలేదాకా ఆ మొక్కను ముట్టకుండా కుండలో తిరుగుతూనే ఉంది. నాకు పెళ్లి ఎంత ముఖ్యమో, దాని ఆకలీ అంతే ముఖ్యమనిపించింది. ఇక చూడలేకపోయాను. ఎవరినీ అడక్కుండా గన్నేరాకు తెచ్చి కుండలో పడేశాను. కరకరా తినడం మొదలుపెట్టింది.

పిల్ల తండ్రి కాసేపు చూసి పగలబడి నవ్వాడు. "ఇది పురుగు కాదప్పా, అలిగిన కొత్తల్లుడు! మనం పెట్టింది ముట్టనే ముట్టదు" అన్నాడు. ఆ నవ్వులోనే తాంబూలాలకు రోజు చూడమన్నాడు.

పెళ్లయి ఆమె మా ఇంటికొచ్చింది. చుట్టాలంతా వెళ్లాక గన్నేరు చెట్టు దగ్గర నిలబడి, నాతో మొదటిసారి నోరు విప్పింది.

"మా నాయన ఒక పురుగును పస్తు పెట్టినాడంట కదా. పాపం, బతికిందా?"

మా ఊళ్లో నా పురుగు బతికిందా అని అడిగిన మొదటి మనిషి ఆమె. నాకు సంతోషం ఆగలేదు.

"బతికింది. రెక్కలొచ్చి ఎగిరిపోయింది."

ఆమె మూతి ముడుచుకుంది.

"ఏం, నేను వచ్చేదాకా దాన్ని ఆపేకి కాలేదా?"