అడగడానికి సిగ్గుపడని మనిషి

మొన్న సోమవారం తెల్లవారుతుండగా మా అత్తగారు పోయారు. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉన్న మన తెలుగువాళ్ళందరూ మధ్యాహ్నంకల్లా వచ్చేశారు. వచ్చినవాళ్ళలో ఆవిడ ఏదో ఒకటి అడిగి నేర్చుకోని మనిషి లేరు.

ఆవిడ బడి మొహం ఎరగరు. విజయనగరం వైపు పల్లె నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో, కూరలమ్మే మనిషిని గుమ్మంలో కూర్చోబెట్టి, ఇదేటి అదేటి అని ప్రాణం తీసి ఛత్తీస్‌గఢీ నేర్చేసుకున్నారట. అరవై దాటాక పక్క క్వార్టరు బెంగాలీ పిల్ల దగ్గర స్వెట్టరు అల్లడం మొదలుపెట్టారు. మొదటిదాని చేతులు మా ఆయనకు మోచేతుల దాకానే వచ్చాయి. ఆయన నోరెత్తకుండా తొడుక్కుని డ్యూటీకి వెళ్ళారు.

మామగారు గార్డు. కర్గీ రోడ్ స్టేషను మీదుగా పోయే బళ్ళ వేళలన్నీ ఆయన నోటికొచ్చు. రిటైరయ్యాక ఏదైనా మరిచిపోతే నామోషీ. అడిగితే లోకువైపోతానని గుమ్మం దిగడమే మానేశారు. చూస్తుండగానే ఆ చురుకంతా మందగించింది. అత్తగారూ మరిచిపోయేవారు, వెంటనే అడిగేసేవారు.

"అడగడానికి సిగ్గుపడితే బుర్రకి తుప్పడతాదే. మరిసిపోతే మల్లీ అడుగుతాను, నాకేటి?" అనేవారు.

ఆ స్వభావమే ఆవిడ తెలివిని అన్నేళ్ళు కాపాడిందని నా నమ్మకం.

మామగారు పోయిన కొన్నేళ్ళకు ఆవిడకూ మరుపు ముదిరింది. చుట్టాల పేర్లు పోయాయి, నేర్చిన భాష పోయింది. పెళ్ళయిన నాటినుంచీ ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర గడిపాం. నన్నెప్పుడు మరిచిపోతారోనని, పొద్దున్నే ఆవిడ మొహం చూడాలంటే భయమేసేది.

పోయిన చలికాలం ఆ రోజూ వచ్చింది. చాయ్ అందిస్తే, "ఓలమ్మీ, ఎవరి పిల్లవే నువ్వు?" అన్నారు.

మీ కోడల్నని చెప్పబోయాను. ఆవిడ మాత్రం కొత్త మనిషి దొరికిందని సంబరపడిపోతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. మీదేవూరు, మీయమ్మ ఏటి సేస్తది, సేపల పులుసులో ఏటేస్తావు... అన్నీ అడిగారు. అన్నీ చెప్పాను. మర్నాడు మళ్ళీ మొదటినుంచి అడిగారు. ఆ తరవాత రోజూ అంతే.

చివరి వారంలో ఒక సాయంత్రం అంతా విన్నాక, నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించారు.

"అచ్ఛా, మంచి పిల్లవిలాగున్నావు. మా వోడికి సంబందాలు సూస్తన్నాం. సేసుకుంటావేటి?"

ఏడుపు ఆగలేదు. తల ఊపాను.

"ఒరే, పిల్ల ఒప్పుకుందిరా!" అని ఆవిడ వాకిట్లోకి కేకేశారు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన, సగం నెరిసిన తలతో, సైకిలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.