సర్వీసుతో సంబంధం లేని చెవి

నా కుడి చెవి ఎలా పోయిందో మా వీధి కుక్కలకు కూడా తెలుసు. తెలియనిది ఒక్క పెన్షన్ల ఆఫీసుకే. అక్కడి నుంచి వచ్చిన ఉత్తరంలో రెండే వాక్యాలున్నాయి. మీ వినికిడి లోపం సైనిక సేవ వల్ల కలిగినది కాదు. సేవ వల్ల పెరిగినదీ కాదు.

పద్దెనిమిదేళ్లు ఫిరంగి పక్కన నిలబడ్డ మనిషికి చెవి పోయిందంటే, ఇంకేదో కారణం ఉండి ఉంటుందని వాళ్ల అనుమానం. బహుశా మా ఆవిడ. పెళ్లయిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను గానీ, ఆవిడ గొంతు ఎడమ చెవికి ఇప్పటికీ ఖంగుమని వినిపిస్తోంది కనుక ఆవిడ నిర్దోషి.

ఇక మా ఫిరంగి సంగతి. అది పేలితే పక్క జిల్లాలో కోళ్లు నెల ముందే గుడ్లు పెట్టేవి. ఎండిపోయిన బావుల్లో నీళ్లు ఉలిక్కిపడి పైకి వచ్చేవి. చెవుల్లో పెట్టుకోమని మాకు దూది ఇచ్చేవారు. దూదితో ఫిరంగి మోతను ఆపడమంటే దోమతెర కట్టి లారీని ఆపడమే. అయినా దూది ఇచ్చినట్టు రికార్డుంది. చెవి పోయినట్టే లేదు.

ప్రస్తుతం నేను హైటెక్ సిటీలో ఒక గాజు మేడకు సెక్యూరిటీ సూపర్‌వైజర్ని. ఆ మేడ ఎంత ఎత్తంటే పై అంతస్తులో ఉన్నవాళ్లకు అరగంట ముందే తెల్లారుతుంది. గేటు దగ్గర నా గదిలో రిజిస్టర్లు ఒక మూల, నా అప్పీలు ఫైలు మిగతా గదంతా. నేను బతికే ఉన్నానని ఒక పత్రం, నేను నేనేనని ఇంకొకటి, నా చెవి నాదేనని మూడోది. ఒకరోజు ఆ ఫైలుతో లిఫ్టు ఎక్కితే బరువు ఎక్కువైందని అది కూత పెట్టింది. లోపల ఉన్నది నేనొక్కణ్ణే. మొదటి అప్పీలు తిప్పి పంపుతూ ఆఫీసువాళ్లు దయతలచి ఒక సౌకర్యం కూడా కల్పించారు. వినికిడి లోపం ఉన్నవారు తమ ఇబ్బందులు ఫోన్‌లో మాట్లాడుకోవచ్చట.

అట్లా ఉండగా పద్నాలుగో అంతస్తులో ఒక ఇంజినీరమ్మాయికి మౌసు పట్టుకుని పట్టుకుని మణికట్టు నొప్పి పుట్టింది. గుంటూరు వైపు పిల్ల. పొద్దున ఫోన్‌లో ఆ ముక్క రాసింది, మధ్యాహ్నానికల్లా కంపెనీవాళ్లు కొత్త కుర్చీ తెప్పించారు. దానికి ఉన్నన్ని మీటలు మా ఫిరంగికి లేవు. నడుముకొకటి, మెడకొకటి, ఆత్మకొకటి. ఆ కుర్చీని సాదరంగా లోపలికి పంపుతూ గేటు రిజిస్టర్లో సంతకం పెట్టింది నేనే.

సాయంత్రం ఆ అమ్మాయి పాత కుర్చీకి గేటు పాసు కోసం నా గదికి వచ్చింది. కూర్చోవడానికి చోటు లేక ఫైలు మీదే కూర్చుంది. అదేమిటని అడిగితే చెప్పాను. కుర్చీ సంగతి ఎత్తి కొంచెం దెప్పాను కూడా. ఆమె ఏమీ అనుకోకుండా, చెవి పరీక్ష ఎలా జరిగిందని అడిగింది. అందులో నాకు తిరుగులేదు కాబట్టి గర్వంగానే చెప్పాను.

రిటైరయ్యే ముందు మిలిటరీ దవాఖానలో నన్ను ఒక గాజు గదిలో కూర్చోబెట్టారు. చెవులకు డబ్బాలు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చి, శబ్దం వచ్చినప్పుడల్లా నొక్కమన్నారు. గాజుకు అవతల టెక్నీషియన్ యంత్రం ముందు కూర్చున్నాడు. ఫిరంగి దగ్గర ఎవడికీ ఏదీ వినిపించదు. అందుకని మా జట్టు నాయకుడు చెయ్యి పైకెత్తుతాడు. ఆ చెయ్యి దిగిందా, పేల్చడమే. పద్దెనిమిదేళ్లు నా కళ్లు ఆ చెయ్యి మీదే ఉన్నాయి. టెక్నీషియన్ చెయ్యి కదిలింది, నొక్కాను. మళ్లీ కదిలింది, మళ్లీ నొక్కాను. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. ఆయన ముక్కు గోక్కున్నప్పుడు కూడా నొక్కాను.

తర్వాత మెడికల్ బోర్డు పెద్ద డాక్టరు యూనిఫాంలో ఎదురుగా కూర్చుని ఎలా ఉన్నావని హిందీలో అడిగారు. మడమలు కలిపి "ఠీక్ హై సాబ్" అన్నాను. యూనిఫాం వేసుకున్న మనిషి ఎలా ఉన్నావంటే మాకు వచ్చిన జవాబు అదొక్కటే. కాలు విరిగినా అదే, ఇల్లు కూలినా అదే. ఒకసారి మాలో ఒకడు స్ట్రెచర్ మీద పోతూ కూడా పడుకునే మడమలు కలిపి అదే చెప్పాడు.

ఆ అమ్మాయి ఫైలు మీద నుంచి ముందుకు వంగింది.

"అంటే అంకుల్, మీరు కళ్లతో పాసయ్యారండి. చెవితో కాదు."

ఇన్నేళ్లుగా నేను తిడుతున్న ఆఫీసుకు సాక్ష్యం రాసిచ్చిన ఘనుణ్ణి నేనే. కానీ ముక్కు గోక్కుంటే వినిపించే చెవి ఏమిటని అక్కడ కూడా ఒక్కరికీ అనుమానం రాలేదే.

"ఇక్కడ బాధ చెప్పకపోతే లేనట్టే అంకుల్" అంది ఆ అమ్మాయి లేస్తూ. "నేనైతే కాస్త ఎక్కువే చెప్పానండి."

మరో అప్పీలు పెట్టాను. అది ఏ ఏ బల్లల మీద ఎన్ని ఋతువులు గడిపిందో గానీ, చివరికి మళ్లీ బోర్డు ముందుకు రమ్మని పిలుపొచ్చింది. ఇంట్లో శిక్షణ మొదలైంది. మా ఆవిడది నార్సింగి. అక్కడ పొలాలున్న రోజుల్లో పుట్టిన మనిషి, దేన్నీ ఊరికే ఒప్పుకోదు. పెట్టెలోంచి నా పాత టోపీ తీసి తలకు పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, ఎట్లున్నవ్ అని గంభీరంగా అడిగింది. నేను అన్నం ముందు నుంచి లేచి, మడమలు కలిపి, ఠీక్ హై సాబ్ అన్నాను.

"టోపీని జూసి లేస్తున్నవ్. నన్ను జూసి ఎన్నడన్న లేచినవా?" అంది. "బాగలేనని చెప్పుడు గంత కష్టమా? మా తమ్ముడు పొద్దుగాల లేస్తే గదే చెప్తడు."

పది రోజులు అదే కసరత్తు. పదో రోజుకు కూడా మడమలు నా మాట వినలేదు.

బోర్డు రోజు ఆవిడ బయట బెంచీ మీద కూర్చుంది. గాజు గదిలో నేను కుర్చీని గోడ వైపు తిప్పుకుంటానని అడిగితే, టెక్నీషియన్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి సరేనన్నాడు. ఎడమ చెవిలో కూతలు వినిపించాయి, నొక్కాను. తర్వాత కుడి చెవి వంతు. గోడ మీద ఒక మేకు తప్ప ఏమీ లేదు. నొక్కమని వేలు బతిమాలుతోంది. శబ్దం లేదు. ఈ ఒక్క విషయం పెంచి చెప్పడం నాకు చేతకావడం లేదు. ఏమీ లేదు, అంతే.

తర్వాత పెద్ద డాక్టరు. నేను తొడిగి అరగదీసిన బూట్లకన్నా చిన్న వయసు. కాగితం మీంచి తలెత్తి ఎలా ఉన్నావన్నాడు. మడమలు ఠక్కున కలిశాయి. "ఠీక్" దాకా నోటికి వచ్చేసింది. తలుపు సందులోంచి బెంచీ కనిపిస్తోంది. మా ఆవిడ సంచిలోంచి ఆ టోపీ తీసి తలకు పెట్టుకుని, కళ్లు ఉరిమి నా వైపే చూస్తోంది.

"ఠీక్ నహీ హై, సాబ్" అన్నాను.

గది కూలలేదు. కోర్టు మార్షల్ చేయలేదు. ఆయన పెన్ను తీసి, ఎప్పటి నుంచి అన్నాడు. చెప్పాను. ఫిరంగి దగ్గర ఎక్కడ నిలబడేవాడివన్నాడు. అదీ చెప్పాను. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి.

కొన్ని నెలలకు ఉత్తరం వచ్చింది. మీ కుడి చెవి వినికిడి లోపం సైనిక సేవ వల్ల కలిగినదే. ఆ కింద, నా చెవి నాదేనన్న పత్రం పాతబడింది కనుక కొత్తది పంపమని కూడా ఉంది. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఆ హిందీ వాక్యాన్ని నా ఎడమ పక్కన కూర్చుని రెండుసార్లు చదివింది. ఇటు పక్కకు వచ్చి కుడి చెవిలో ఒకసారి చదవమన్నాను.

"పిచ్చా ఏంది? గా చెవికి ఇనరాదు గద."

"దాని సంగతే కదా. దానికీ చెప్పు."

లేచి వచ్చి ఒంగి చదివింది. వెచ్చగా ఊపిరి తగిలింది. ఒక్క మాట కూడా వినిపించలేదు. ఉత్తరంలో రాసింది నిజమే.