మచ్చ పడని పట్టు

ఆస్ట్రియా కొండల మధ్య ఉన్న మా ఫెర్లాఖ్‌లో తుపాకులు చేసేవాళ్ళకు కొదవ లేదు. వీధికి రెండు కార్ఖానాలు. అయితే తుపాకి గొట్టాన్ని వైస్‌లో, అంటే బల్లకు బిగించిన ఇనుప పట్టకారులో, బిగించి, దాని ఒంటిమీద వెంట్రుకంత గీత పడకుండా బయటికి తీసేవాడు మాత్రం ఊరు మొత్తానికీ ఒక్కడే. అతని పేరు ఎంగెల్‌బెర్ట్. మేమంతా బెర్టీ అనేవాళ్ళం. నేను బుర్గిని. మ్లేకుష్ మేస్త్రి కార్ఖానాలో అతని పక్క బల్ల నాది. తుపాకుల చెక్క పిడులకు నూనె పట్టించి, అరచేత్తో రుద్ది మెరుగు తేవడం నా పని. నా నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. ఆ పేరు నిజమే. బెర్టీ బతుకు చెప్పాలంటే కాస్త నోరున్నవాళ్ళే చెప్పాలి, ఎందుకంటే అతనికి లేదు.

గొట్టం పట్టుకోవడం ఏమంత గొప్ప, గుడ్డ చుట్టి బిగిస్తే సరిపోదా అంటారు తెలియనివాళ్ళు. సరిపోదు. గొట్టం వెనక కొసకు మర ఉంటుంది. తూటా కూర్చునే ఇనుప దిమ్మలోకి దాన్ని ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించాలి, బాగుచేయాల్సి వచ్చినప్పుడు అంతే బలంతో ఊడదీయాలి. పట్టు చాలకపోతే గొట్టం దవడల మధ్య జారి తిరుగుతుంది, దానితో పైనున్న నల్లని పూత ఉంగరంలా చుట్టూ లేచిపోతుంది. పట్టు మోటుదైతే దవడల పళ్ళు దిగిపోతాయి. అందుకని వైస్ ఇనుప దవడలకు ఇంకో జత మెత్తని దవడలు తొడుగుతారు. ఏ గొట్టానికి ఏ జత అన్నదే అసలు విద్య.

బెర్టీ వెనక గోడకు ఆ జతలన్నీ మేకులకు వేలాడేవి. పూత వేయని ముడి గొట్టానికి రాగివి. ఎనిమిది పలకల గొట్టానికి అల్యూమినియంవి, లోపల తోలు అతికించినవి. పూత వేసి మెరుగుపెట్టిన గొట్టానికైతే బేరి చెక్కవి. గొట్టం లావుకు సరిపోయేలా చెక్కను తొలిచి, రెండుగా కోసి, లోపల గుగ్గిలం పొడి చల్లి బిగించేవాడు. గొట్టం సన్నబడే వైపుకు చెక్క కూడా సన్నబడాలి, లేకపోతే పట్టంతా ఒక అంచు మీదే పడుతుంది. సీసపు జత కూడా ఉండేది, కానీ దాని దగ్గరికి అనుమానంగా వెళ్ళేవాడు.

"మెత్తనిదే గానీ, దొరికిందల్లా మింగుద్దిది," అనేవాడు.

నిజమే. పక్కన ఎవరైనా ఆకురాయితో ఇనుము రాస్తే ఆ రజను వచ్చి సీసంలో కూరుకుంటుంది. కంటికి కనబడదు. తరవాత బిగించిన గొట్టాన్ని గీకిపారేస్తుంది. అందుకని ప్రతిసారీ మధ్యాహ్నం తినే రై రొట్టెలోంచి మెత్తని ముద్ద తీసి, దవడల మీద నొక్కి, వెలుతురుకు పెట్టి చూసేవాడు. ముద్దలో నల్ల చుక్క కనబడితే మళ్ళీ తుడిచేవాడు. ఇది చివరికి మా కార్ఖానా కట్టుబాటైపోయింది: ఒకరి దవడలు ఇంకొకరు వాడుకుంటే, రొట్టె ముద్ద నొక్కి శుభ్రం చేసిగానీ మేకుకు తగిలించకూడదు. ఆ తరవాత గీత పడితే తప్పు వాడుకున్నవాడిదే.

"నువ్వు తినేదెప్పుడయ్యా, రొట్టంతా దానికే పెడతన్నావ్?" అని ఏడిపించేదాన్ని.

"దానికి ఆకలెక్కువ," అనేవాడు. అంతకు మించి మాట్లాడేవాడు కాదు.

ఇంత నేర్పు ఉన్నందుకు అతనికి దక్కిందేమిటంటే ఆ వైసే. దున్నే ఎద్దునే పొడుస్తారంటారు కదా, అదే జరిగింది. పొద్దున వచ్చింది మొదలు దీపాలు ఆర్పేదాకా గొట్టాలు బిగించడం, ఊడదీయడం. మా పనితోపాటు పక్క కార్ఖానాల గొట్టాలు కూడా అతని దగ్గరికే వచ్చేవి. మిగతా మగవాళ్ళంతా మెల్లగా ఒక్కో పనీ నేర్చుకుంటూ పైకి పోయారు. బెర్టీకి మాత్రం ఒకటే కోరిక. మొదటి నుంచి చివరిదాకా ఒక రైఫిల్ తన చేత్తో చేయాలి, దానిమీద తన పేరు ఉండాలి. మా దగ్గర అది చేసినవాడికే మేస్త్రి కావడానికి అర్హత. ఇంటి దగ్గర దొంగచాటుగా చేసుకునే వీలు లేదు. ఏదో ఒక కార్ఖానా తరఫున పంపితే తప్ప తుపాకికి పరీక్ష ముద్ర వేయరు. ముద్ర లేని తుపాకి కట్టెతో సమానం.

అడగలేదా అంటే, అడిగాడు. ప్రతి శరత్కాలంలోనూ అడిగాడు.

"మేస్త్రి గారూ, ఈ చలికాలమన్నా నాకు ఒక రైఫిల్ ఇప్పిస్తారా?"

"ఇస్తాను రా. ఎందుకివ్వను? ముందు ఈ వేటల కాలం హడావుడి కానీ. నువ్వు వైస్ దగ్గర్నించి లేస్తే కొంప మునిగిపోద్దిప్పుడు."

మ్లేకుష్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని బయటపడేవాళ్ళం. పండగకు అందరికీ తన చెట్ల ఆపిల్ కల్లు పోయించేవాడు, జబ్బు చేస్తే మందులు పంపేవాడు. చేతికి అందిన మంచి పనిముట్టును పక్కన పెట్టలేకపోయాడు, అంతే. ఒకసారి బెర్టీ ధైర్యం చేసి వంతెన అవతలి కార్ఖానాకు వెళ్ళి పని అడిగాడు. ఆ యజమాని ఎగిరి గంతేసినంత పని చేసి, "రా రా, మా వైస్ ఖాళీగానే ఉంది," అన్నాడట. బెర్టీ అక్కడే టోపీ పెట్టుకుని వెనక్కి వచ్చేశాడు. ఊరు దాటితే తుపాకి పని లేదు, ఊళ్ళో ఉంటే వైస్ తప్ప ఇంకో చోటు లేదు. చలికాలంలో మా లోయలోకి ఎండ కాసేపు తొంగిచూసి కొండ వెనక్కి పోతుంది. ఆ కాసేపూ అతను కిటికీకి వీపు పెట్టుకుని గొట్టం తిప్పుతూ ఉండేవాడు. చూస్తే నాకే ఊపిరాడేది కాదు.

అలాంటప్పుడు మా దగ్గరికి ప్రీమస్ వచ్చాడు. కొండ పక్క పల్లెవాడు. పెళ్ళైన కొత్త, భార్యకు నెలలు నిండుతున్నాయి. ఇదివరకు పనిచేసిన చోట తాగి గొడవ చేసి పని పోగొట్టుకున్నాడు. మా మేస్త్రి ఒక్క మాట మీద పెట్టుకున్నాడు: ఒక్క తప్పు చేసినా బయటికే. ప్రీమస్ ఆ మాటకు భయపడి ఆదివారం కూడా తాగడం మానేశాడు.

ఆ ఏడు వేటలకు ముందు గ్రాట్స్ పట్నం నుంచి ఒక కలప వ్యాపారి తన రైఫిల్ పంపాడు. పూత వేసి, అద్దంలా మెరిసే గొట్టం. దాన్ని ఊడదీసి లోపల చిన్న మార్పు చేయాలి. బెర్టీ ఆ పొద్దున మేస్త్రిని మళ్ళీ అడిగాడు. మేస్త్రి మళ్ళీ వేటల సంగతే చెప్పి, భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ భుజం తట్టడమే తన మనసు విరిచేసిందని బెర్టీ నాతో తరవాత అన్నాడు. తిట్టినా ఇంకో ఏడు ఓపిక పట్టేవాడట.

నేను పెరట్లో పిడులు ఆరబెట్టి లోపలికి వచ్చేసరికి అందరూ వైస్ చుట్టూ మూగి ఉన్నారు. మేస్త్రి చేతిలో ఆ గొట్టం ఉంది. నడిమికి కాస్త పైన, చుట్టూ సగం దాకా, తెల్లని గీత. పక్కనే సీసపు దవడలు.

"నిన్న ఈ సీసపు జత ఎవరు తీశారు?" అన్నాడు మేస్త్రి.

ప్రీమస్ ముఖం పాలిపోయింది. "నేనే మేస్త్రి గారూ. ఒక మర రాయడానికి. కానీ శుభ్రం చేసే పెట్టాను. రొట్టె నొక్కాను. ఒట్టు."

"నొక్కితే ఈ రజను ఎక్కడిది? ఆకాశంలోంచి రాలిందా?"

"నొక్కానండీ. నా బిడ్డ మీద ఒట్టు."

"బిడ్డని ఎందుకు లాగుతావురా మధ్యలో? కట్టుబాటు నీకు తెలుసు. సామాను సర్దుకో."

బెర్టీని ఒక్క మాట కూడా అడగలేదు. పూత గొట్టానికి బేరి చెక్క కాకుండా సీసం ఎందుకు తొడిగావని అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. సూర్యుడు పడమట పొడిచాడన్నా నమ్ముతారు గానీ, బెర్టీ చేతిలో గొట్టం చెడిందంటే మా ఊళ్ళో నమ్మేవాడు లేడు. అతను నిలబడ్డ చోటే నిలబడి ప్రీమస్ తన ఆకురాళ్ళను గుడ్డలో చుట్టుకోవడం చూస్తున్నాడు. చెమటలు పడుతున్నాయి. నాకు అనుమానం వచ్చింది. చెయ్యి పట్టుకుని కట్టెల గది వెనక్కి లాక్కుపోయాను.

"ఏం చేశావ్?"

"నేనే రజను రుద్దాను బుర్గీ, బొటనవేలితో. నా చేతి పట్టు పోయిందనుకుని నన్ను వైస్ దగ్గర్నించి లేపేస్తాడనుకున్నా. వాడు నిన్న ఆ జత తీశాడని నాకు తెలీదు. నిజంగా తెలీదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అంత నెమ్మదస్తుడు ఇంత తెలివితక్కువ పని చేశాడేమిటని ఒక పక్క, ఆ గతి పట్టించినవాళ్ళ మీద ఇంకో పక్క.

"నాతో చెప్తావేంటయ్యా? వాడి పెళ్ళాం పొట్ట చూశావా? పో, ఆయనతో చెప్పు."

వెళ్ళి చెప్పాడు. అందరి ముందూ చెప్పాడు. "నేనే చేశాను మేస్త్రి గారూ. కావాలనే చేశాను."

మ్లేకుష్ కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ ముసలాయన బెర్టీని దగ్గరికి తీసుకుని, "నీ మనసు వెన్నరా," అన్నాడు. "వాడి మీద జాలితో తప్పు నెత్తినేసుకుంటావా? అబద్ధమాడ్డం కూడా సరిగ్గా రాదు నీకు."

"అబద్ధం కాదండీ."

"చాల్లే ఊరుకో. నీ చేతులు నాకు తెలీవా?"

"బెర్టీ చెప్పేది నిజమేనండీ, వినిపించుకోరేం?" అన్నాను నేను. నా మాట ఎవరు వింటారు? బుర్గి నోరు ఎప్పుడూ ఉన్నదేగా అనుకున్నారు.

అప్పుడు బెర్టీ ఒక పని చేశాడు. అతను అంత కోపంగా కదలడం నేను ముందెప్పుడూ చూడలేదు, తరవాతా చూడలేదు. మూలన మేస్త్రి సొంత రైఫిల్ ఉంది, ఆయన తండ్రి చేసింది. దాన్ని తీసుకువచ్చి, పిడి విప్పి పక్కన పెట్టాడు. సీసపు దవడలు తొడిగాడు. బల్ల మీద రజను బొటనవేలికి అద్దుకుని సీసంలోకి నూరాడు. గొట్టం బిగించాడు. ఎవరూ ఆపలేదు, ఆఖరికి మేస్త్రి కూడా. ఆపుతాడనే బెర్టీ ఆశ కూడా అనుకుంటాను. దిమ్మకు పానా తగిలించి లాగాడు. పళ్ళు కొరికినట్టు ఒక చప్పుడు వచ్చింది. గొట్టం తీసి కలప వ్యాపారి గొట్టం పక్కన పెట్టాడు. రెండు గీతలూ ఒకే ఎత్తున, ఒకే పొడవున ఉన్నాయి.

మేస్త్రి చాలాసేపు రెండింటినీ చూశాడు. తండ్రి చేసిన గొట్టాన్ని చేత్తో తడిమాడు. తరవాత ప్రీమస్ వైపు తిరిగి, "నీ బల్ల దగ్గరికి పో," అన్నాడు. ప్రీమస్ గుడ్డ మూట అక్కడే వదిలి బయటికి పోయి ఏడ్చాడు.

బెర్టీ చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. నాకు అర్థమైంది, తిట్టు కోసం ఎదురు చూస్తున్నాడు. పొమ్మంటే పోదామని, చీపురు పట్టుకోమంటే పట్టుకుందామని సిద్ధంగా ఉన్నాడు.

"ఈ గీతలు రెండూ తియ్యాలి," అన్నాడు మేస్త్రి. "రుద్ది, మెరుగుపెట్టి, మళ్ళీ పూత వెయ్యాలి. వేటలకి ముందే."

"మరి వైస్ దగ్గర ఎవర్ని పెడతారు?" అన్నాడు బెర్టీ, ఇక తనని అక్కడ ఉంచడనుకుని.

"రుద్దేటప్పుడు ఇంకో మచ్చ పడకుండా వీటిని పట్టేదెవరురా, నువ్వు కాక?"

బెర్టీ చేతులు తుడుచుకున్న గుడ్డను బల్ల మీద పెట్టాడు.

"బేరి చెక్కలు తియ్యి," అన్నాడు మేస్త్రి. "ఇకమీదట ఆ రైఫిల్ మాట నా దగ్గర ఎత్తకు. నీకు నేను ఏం తక్కువ చేశానని మా నాన్న తుపాకి గీశావ్?"

అడకత్తెరలో పోకచెక్క అయినా ఒక దెబ్బకు రెండు ముక్కలై బయట పడుతుంది. బెర్టీకి ఆ అదృష్టం కూడా లేకపోయింది. రెండు గొట్టాలూ కొత్తవాటిలా తయారయ్యాయి. కలప వ్యాపారికి ఏమీ తెలియలేదు. చుట్టుపక్కల కార్ఖానాల్లో కథ ఇంకోలా పాకింది: గీసిన గొట్టాన్ని కూడా గీత పడనట్టు చేసేశాడట బెర్టీ అని. దాంతో వచ్చే గొట్టాలు ఇంకా పెరిగాయి.

ప్రీమస్ తాగుడు మళ్ళీ ముట్టలేదు. చురుకైనవాడు, ఒక్కో పనీ పట్టుకున్నాడు. కూతురికి మాటలొచ్చిన ఏడాది చలికాలంలో మేస్త్రి అతన్ని పిలిచి, "ఒక రైఫిల్ చేసుకో, నీ పేరు మీద," అన్నాడు. ప్రీమస్ నోరు తెరవబోయి బెర్టీ వైపు చూశాడు. బెర్టీ తల ఎత్తలేదు.

ఆ చలికాలమంతా ప్రీమస్ మూల బల్ల దగ్గర తన రైఫిల్ చేసుకున్నాడు. మా వాళ్ళంతా పోయి చూసేవారు, సలహాలు చెప్పేవారు. బెర్టీ పోలేదు. గొట్టానికి పూత పూర్తయి, దిమ్మలోకి బిగించాల్సిన రోజు ప్రీమస్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని వచ్చి వైస్ ముందు నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు పాపం.

"అన్నా, నేను బిగించుకోగలను. కానీ గీత పడుద్దేమోనని..."

"ఇటియ్యి."

బెర్టీ దాన్ని వెలుతురుకు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. పని బాగుంది. అది నాకూ తెలుస్తోంది, అతనికి తెలియకుండా ఉంటుందా? ప్రీమస్ పేరు చెక్కిన చోట ఒక్క క్షణం ఆగాడు. గోడ మీది జతల్లో ఏదీ ఆ లావుకు సరిపోలేదు. కొత్త బేరి చెక్క ముక్క తీసుకుని, ఆ గొట్టం కొలతకు తొలవడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం తిండికి కూడా లేవలేదు. ఎండ వచ్చి అతని వీపు మీద పడి, పోయింది. నేను పిడి రుద్దుతూ ఏడ్చాను. అతని మీద జాలితో కాదు, కోపంతో.

గొట్టం బయటికి వచ్చినప్పుడు దానిమీద ఏ మచ్చా లేదు.